కొన్ని వెబ్‌సైట్లు ఓపెన్ చేస్తే కంప్యూటర్ ఎందుకు హ్యాంగ్ అవుతుంది? తప్పు సైట్‌దా, నెట్‌దా, మీ ల్యాప్‌టాప్‌దా?

మొన్న రాత్రి పదింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నా ల్యాప్‌టాప్ పోయింది. షాప్‌లో చూపిస్తే దీనికి డబ్బులు పెట్టడం దండగ, కొత్తది తీసుకోమన్నారు. నాన్నని ఇప్పుడు అడగలేను" అన్నాడు. వాడు డిగ్రీ సెకండ్ ఇయర్. ల్యాప్‌టాప్ కొని ఐదేళ్లు అయింది. 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్.

"ఏం చేస్తుంటే ఆగిపోతోంది?" అని అడిగాను. "వర్డ్ బాగానే ఓపెన్ అవుతుంది. డౌన్‌లోడ్ చేసిన సినిమా ఎక్కడా ఆగదు. కొన్ని సైట్లు ఓపెన్ చేస్తే మాత్రం ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, మౌస్ కూడా కదలదు. పవర్ బటన్ నొక్కి ఆపాల్సిందే" అన్నాడు.

వాడు చెప్పిన దాంట్లోనే సగం సమాధానం ఉంది. మదర్‌బోర్డు పాడైతే మనం ఏ సైట్ చూస్తున్నామో చూసి మరీ పాడవదు కదా! అంటే అసలు గొడవ ఆ సైట్లకీ, ఆ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉందన్నమాట. ఇలాంటి పరిస్థితిలో కొత్త ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో అడిగే ముందు అసలు లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే, చాలాసార్లు ఆ ఖర్చే అవసరం ఉండదు. ఈ ఆర్టికల్‌లో అదే చూద్దాం.

ముందు ఒక తేడా తెలుసుకోండి: లేట్ వేరు, హ్యాంగ్ వేరు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజు గుర్తు తెచ్చుకోండి. హాల్ టికెట్ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే ట్యాబ్ మీద చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, పేజ్ రాదు. కానీ అదే టైమ్‌లో మీ మౌస్ కదులుతుంది, పక్క ట్యాబ్‌లో పాట ప్లే అవుతుంది, ఫ్యాన్ కూడా మామూలుగానే ఉంటుంది. ఇక్కడ మీ కంప్యూటర్ అసలు ఏ పనీ చేయట్లేదు, ఖాళీగా కూర్చుని సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తోంది. లక్షల మంది ఒకేసారి మీద పడటం వల్ల అవతల సర్వర్ ఉక్కిరిబిక్కిరి అవుతోంది. ఇది లేట్. దీనికి మీరు 32 జీబీ ర్యామ్ ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నా ఉపయోగం ఉండదు.

రెండో రకం ఇంకోలా ఉంటుంది. పేజ్ వచ్చేసింది, హెడ్డింగ్ కూడా కనిపిస్తోంది. కానీ స్క్రోల్ చేస్తే కదలదు, బటన్ నొక్కితే స్పందన లేదు. కాసేపటికి పేజ్ అన్‌రెస్పాన్సివ్ అని ఒక బాక్స్ వస్తుంది. ఇది హ్యాంగ్. అంటే డేటా మీ కంప్యూటర్‌కి చేరిపోయింది, ఇప్పుడు దాన్ని అరిగించుకోలేక మీ కంప్యూటరే అవస్థ పడుతోంది. నెట్ స్పీడ్ పెంచినా ఇది తగ్గదు. ఇంకా చెప్పాలంటే నెట్ ఫాస్ట్‌గా ఉంటే భారమంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

వెబ్‌పేజ్ అంటే పేపర్ కాదు, ప్రోగ్రామ్

చాలామంది వెబ్‌పేజ్ అంటే న్యూస్ పేపర్ లాంటిది, డౌన్‌లోడ్ అయితే కనిపిస్తుంది అనుకుంటారు. మొదట్లో దాదాపు అలాగే ఉండేది. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని తయారు చేశాడు. పేజ్‌లో చిన్న చిన్న పనులు చేయించడానికి పుట్టిన భాష అది. ఇప్పుడు మెయిల్, మ్యాప్స్, ఫొటో ఎడిటింగ్, గేమ్స్ అన్నీ దాంతోనే నడుస్తున్నాయి.

మీరు ఒక సైట్ ఓపెన్ చేయగానే బ్రౌజర్ వరసగా చేసే పనులు ఇవి. హెచ్‌టీఎంఎల్ చదివి పేజ్‌లో ఏమేం ఉన్నాయో ఒక చెట్టులా లిస్ట్ తయారు చేస్తుంది. సీఎస్‌ఎస్ చదివి దేనికి ఏ రంగు, ఏ సైజ్ అనేది నిర్ణయిస్తుంది. తర్వాత ఏది స్క్రీన్ మీద ఎక్కడ కూర్చోవాలో లెక్క వేస్తుంది, దీన్నే లేఅవుట్ అంటారు. చివరగా పిక్సెల్స్ గీస్తుంది. ఈ మధ్యలోనే జావాస్క్రిప్ట్ కోడ్ వచ్చి, అప్పటిదాకా కట్టిన దాన్ని మార్చేస్తూ ఉంటుంది. మార్చినప్పుడల్లా లెక్కలు మళ్లీ వేయాలి.

హెచ్‌టీటీపీ ఆర్కైవ్ అనే ప్రాజెక్ట్ ఏళ్ల తరబడి లక్షల సైట్ల బరువు కొలుస్తోంది. వాళ్ల లెక్కల ప్రకారం 2010 చివర్లో డెస్క్‌టాప్ వెబ్‌పేజ్ మీడియన్ సైజ్ సుమారు 470 కేబీ. 2024లో అది సుమారు 2.6 ఎంబీ. అంటే ఐదు రెట్లు పైనే. మన బాబాయ్ వాళ్ల పాత డెస్క్‌టాప్ మాత్రం అప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది మరి!

అసలు కారణం: టిఫిన్ సెంటర్‌లో ఒక్కడే మాస్టర్

మీ వీధి చివర టిఫిన్ సెంటర్ ఊహించుకోండి. దోశ వేసేదీ, ఆర్డర్ తీసుకునేదీ, డబ్బులు తీసుకునేదీ ఒక్కడే మనిషి. మామూలుగా ఇబ్బంది లేదు, చకచకా చేసుకుపోతాడు. కానీ ఎవరో వచ్చి "పెళ్లికి 200 దోశలు కావాలి, ఇప్పుడే" అన్నారు, అతను మొదలుపెట్టేశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎంత పిలిచినా పలకడు. పక్కన ఇంకో ఏడుగురు పనివాళ్లు ఖాళీగా నిలబడి ఉన్నా, పెనం దగ్గర చోటు ఒక్కరికే.

బ్రౌజర్ ట్యాబ్‌లో మెయిన్ థ్రెడ్ అనేది సరిగ్గా ఈ మాస్టర్ లాంటిదే. జావాస్క్రిప్ట్ నడపడం, లేఅవుట్ లెక్కలు, మీ క్లిక్కులకి, టైపింగ్‌కి స్పందించడం, ఇవన్నీ దాదాపుగా ఒకే థ్రెడ్ మీద వరసగా జరుగుతాయి. ఒక స్క్రిప్ట్ మొదలైందంటే అది పూర్తయ్యేదాకా మిగతావి లైన్‌లో ఆగాల్సిందే.

60 హెర్ట్జ్ స్క్రీన్ మీద స్క్రోలింగ్ స్మూత్‌గా కనిపించాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే టైమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ అయితే అందులో సగమే. 50 మిల్లీసెకన్లు దాటి మెయిన్ థ్రెడ్‌ని పట్టుకుని ఉండే పనిని వెబ్ ప్రమాణాల్లో లాంగ్ టాస్క్ అంటారు. మీరు నొక్కిన బటన్‌కి పేజ్ 200 మిల్లీసెకన్ల లోపు స్పందిస్తే బాగున్నట్టు, 500 దాటితే బాగోలేనట్టు అని గూగుల్ లెక్క. 2024 మార్చి నుంచి సైట్ల క్వాలిటీ కొలిచే కోర్ వెబ్ వైటల్స్‌లో దీన్ని కూడా చేర్చారు. ఒక స్క్రిప్ట్ మూడు సెకన్లు పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మొబైల్ కొనేవాళ్లకి కూడా ఇక్కడ ఒక పాఠం ఉంది. బాక్స్ మీద ఆక్టా కోర్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. కానీ మెయిన్ థ్రెడ్ ఒక టైమ్‌లో వాడుకునేది ఒక్క కోర్‌నే. కాబట్టి ఎనిమిది వీక్ కోర్లు ఉన్న బడ్జెట్ ఫోన్ కంటే, నాలుగు స్ట్రాంగ్ కోర్లు ఉన్న ఫోన్‌లో వెబ్‌సైట్లు ఫాస్ట్‌గా ఓపెన్ అవుతాయి. బ్రౌజింగ్ కోసం చూసేవాళ్లు కోర్ల సంఖ్య కాదు, సింగిల్ కోర్ స్కోర్ చూడాలి. ఆపిల్, గూగుల్, మొజిల్లా కలిసి 2024 మార్చిలో రిలీజ్ చేసిన స్పీడోమీటర్ 3 అనే టెస్ట్‌ని ఏ బ్రౌజర్‌లోనైనా ఫ్రీగా రన్ చేసుకోవచ్చు. మీ ఫోన్‌లో, మీ ఫ్రెండ్ ఫోన్‌లో రన్ చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కాలేజీల లిస్టులు, అంతం లేని స్క్రోల్

స్క్రిప్టులే కాదు, పేజ్‌లో ఉన్న ముక్కల సంఖ్య కూడా భారమే. క్రోమ్‌లో ఉండే లైట్‌హౌస్ అనే టూల్ పాత వెర్షన్లలో ఒక పేజ్‌లో సుమారు 800 ఎలిమెంట్లు దాటితే హెచ్చరించేది, 1,400 దాటితే ఎర్ర జెండా చూపించేది. ఇప్పుడు ఒక కౌన్సెలింగ్ పేజ్ ఊహించుకోండి. 300 కాలేజ్-బ్రాంచ్ వరసలు. ఒక్కో వరస పక్కన ఆప్షన్ నంబర్ ఎంచుకోవడానికి ఒక లిస్ట్, అందులో 300 నంబర్లు. అంటే 300 x 300, మొత్తం 90,000 ముక్కలు! ఇలా కట్టిన పేజ్ పాత డెస్క్‌టాప్ మీద ఆగకుండా ఎలా ఉంటుంది? అదే పేజ్‌ని వేరేలా రాస్తే, స్క్రీన్ మీద కనిపించే పాతిక వరసలే తయారు చేసి, స్క్రోల్ చేసేకొద్దీ మిగతావి తీసుకురావచ్చు. చేతిలో ఉన్నది అదే కంప్యూటర్, మారేది సైట్ రాసిన పద్ధతి మాత్రమే.

సోషల్ మీడియాలో కిందకి లాగుతూ పోతే ఫీడ్ అంతం కాదు కదా, అక్కడా ఇదే. పైకి వెళ్లిపోయిన పోస్టులని సైట్ సరిగా తీసేయకపోతే అవన్నీ మెమరీలో పేరుకుపోతాయి. పొద్దున ఓపెన్ చేసిన లైవ్ స్కోర్ ట్యాబ్ సాయంత్రానికి బరువెక్కడం కూడా ఇలాంటిదే. కొన్ని సెకన్లకోసారి కొత్త డేటా తెచ్చుకుంటూ పాతది వదలకపోతే దాన్ని మెమరీ లీక్ అంటారు. కుళాయి కింద పెట్టి మర్చిపోయిన బకెట్ లాగా అన్నమాట.

300 కేబీ ఫొటో 48 ఎంబీ ఎలా అవుతుంది?

ఇది చాలామందికి తెలియని విషయం. జేపెగ్ ఫొటో అంటే మడత పెట్టి కుదించిన బట్టల మూట లాంటిది. స్క్రీన్ మీద చూపించాలంటే మూట విప్పాలి. విప్పిన తర్వాత ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో అంటే 4000 x 3000 పిక్సెల్స్. దాన్ని నాలుగుతో గుణిస్తే 4 కోట్ల 80 లక్షల బైట్లు, అంటే 48 ఎంబీ! ఫైల్ సైజ్ 300 కేబీ ఉందా, 3 ఎంబీ ఉందా అనేది డౌన్‌లోడ్‌కి సంబంధించిన లెక్క. ర్యామ్‌కి అనవసరం. బ్రౌజర్లు కనిపించని ఫొటోలని వెంటనే విప్పకుండా కొంత జాగ్రత్త పడతాయి. అయినా సైట్ వాళ్లు చిన్నగా చూపించాల్సిన చోట కెమెరా సైజ్ ఫొటోలు ఇరవై పెట్టేస్తే మాత్రం ర్యామ్ మీద పెద్ద దెబ్బే.

ఇప్పుడు 4 జీబీ ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం. విండోస్ స్టార్ట్ అయ్యేసరికే దాదాపు సగం పోతుంది. మిగిలిన దాంట్లో బ్రౌజర్ సర్దుకోవాలి. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు తెచ్చిన పెద్ద మార్పు ట్యాబ్‌లని వేరువేరు ప్రాసెస్‌లుగా నడపడం. ఒక ట్యాబ్ పోయినా మిగతావి బతుకుతాయి. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, ఒక సైట్ డేటాని ఇంకో సైట్ దొంగిలించకుండా సైట్ ఐసోలేషన్ కూడా వచ్చింది. సేఫ్టీకి చాలా మంచిది, కానీ దాని ఖరీదు మనం ర్యామ్ రూపంలో కడుతున్నాం.

ర్యామ్ నిండిపోతే విండోస్ ఏం చేస్తుంది? కొంత డేటాని హార్డ్ డిస్క్ మీదకి తోసి, కావాల్సినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. అసలు చావు ఇక్కడే. ర్యామ్‌లో ఒక చోటికి వెళ్లి రావడానికి పట్టే టైమ్‌ని ఒక సెకను అనుకుందాం. అదే లెక్కలో ఎస్‌ఎస్‌డీకి సుమారు పదిహేడు నిమిషాలు పడుతుంది. తిరిగే హార్డ్ డిస్క్‌కి ఒక రోజు దాటుతుంది! అందుకే ర్యామ్ నిండిన హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌లో ఆ ట్యాబే కాదు, మౌస్‌తో సహా మొత్తం కంప్యూటర్ బిగుసుకుపోతుంది. మా తమ్ముడి ల్యాప్‌టాప్ జబ్బు సరిగ్గా ఇదే.

యాడ్స్: ఒక పేజ్‌లో పాతిక మంది అతిథులు

మీరు ఓపెన్ చేసింది ఒక న్యూస్ సైట్. కానీ లోపల దాంతో పాటు యాడ్ కంపెనీలు, విజిటర్లని లెక్కపెట్టే ట్రాకర్లు, షేర్ బటన్లు, చాట్ బాక్సులు, ఇలా బయటి స్క్రిప్టులు వచ్చి కూర్చుంటాయి. యాడ్ కనిపించే ముందు చిన్నపాటి వేలం పాట కూడా జరుగుతుంది. ఈ పేజ్ చూస్తున్న మనిషికి యాడ్ చూపించడానికి ఎవరు ఎంత ఇస్తారు అని కొన్ని కంపెనీలు పోటీ పడతాయి. చాలా సైట్లలో ఆ వేలంలో కొంత భాగం మీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అదంతా మన దోశ మాస్టర్ పనే.

చదువుతుంటే మధ్యలో యాడ్ ఊడిపడి లైన్ కిందకి జారిపోవడం మీకూ అనుభవమే కదా? అప్పుడు పేజ్ లేఅవుట్ లెక్క మళ్లీ వేయాల్సి వచ్చిందని అర్థం. పేజ్‌లో పది యాడ్లు ఒక్కొక్కటే దిగితే పదిసార్లు అదే గొడవ.

నిజాయితీగా చెప్పాలంటే మాలాంటి సైట్లు నడిచేది కూడా యాడ్స్ మీదే. అందుకే యాడ్స్ అన్నీ చెడ్డవి అని చెప్పట్లేదు. ఒకటి రెండు బొమ్మల యాడ్లు ఏ కంప్యూటర్‌నీ ఆపలేవు. వాటంతట అవే ప్లే అయ్యే మూడు వీడియో యాడ్లు, వాటి వెనక డజను ట్రాకర్లు ఉంటేనే సమస్య.

వీడియో సైట్లు: డౌన్‌లోడ్ చేసిన సినిమా ఓకే, ఆన్‌లైన్‌లో మాత్రం ఆగుతుంది

దీనికి కారణం కోడెక్. పాత సినిమా ఫైల్స్ ఎక్కువగా హెచ్.264లో ఉంటాయి. దాన్ని విప్పడానికి పాత కంప్యూటర్లలో కూడా ప్రత్యేకమైన హార్డ్‌వేర్ ఉంటుంది. యూట్యూబ్ లాంటి సైట్లు డేటా ఆదా కోసం వీపీ9, ఏవీ1 అనే కొత్త కోడెక్‌లు వాడతాయి. ఇంటెల్‌లో వీపీ9కి పూర్తి హార్డ్‌వేర్ సపోర్ట్ 7వ జనరేషన్ నుంచి, ఏవీ1కి 11వ జనరేషన్ నుంచి వచ్చింది. క్వాల్‌కామ్ ఫ్లాగ్‌షిప్ చిప్‌లలో అయితే స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2 నుంచి ఏవీ1 వచ్చింది. హార్డ్‌వేర్ సపోర్ట్ లేకపోతే ఆ పనంతా సీపీయూ మీద పడుతుంది. ఫ్యాన్ మోత, వేడి, వీడియో ఆగి ఆగి రావడం అందుకే.

యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ నొక్కితే ఏ కోడెక్ నడుస్తోందో, ఎన్ని ఫ్రేములు పోతున్నాయో కనిపిస్తుంది. ఫ్రేములు ఎక్కువగా పోతుంటే క్వాలిటీని 1080 నుంచి 720కి తగ్గించి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది.

మీ కరెంట్‌తో వాళ్ల సంపాదన

అన్నిటికంటే చెడ్డ కారణం ఇది. 2017 సెప్టెంబర్‌లో కాయిన్‌హైవ్ అనే సర్వీస్ మొదలైంది. సైట్‌లో కొన్ని లైన్ల కోడ్ పెడితే చాలు, ఆ సైట్ చూసేవాళ్ల సీపీయూ వాడుకుని మొనెరో అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ చేసేది. చూసేవాళ్లకి ఏం తెలియదు, ల్యాప్‌టాప్ వేడెక్కిందని మాత్రమే తెలుస్తుంది. కొన్ని సైట్లయితే టాస్క్‌బార్‌లో గడియారం వెనక కనిపించని చిన్న విండో దాచిపెట్టేవి. బ్రౌజర్ మూసేశాం అనుకున్నా వెనక మైనింగ్ నడుస్తూనే ఉండేది.

2018 ఫిబ్రవరిలో బ్రౌజ్‌అలౌడ్ అనే ఒక ప్లగిన్‌లోకి ఎవరో ఈ కోడ్ చొప్పించడంతో, దాన్ని వాడుతున్న 4,000కి పైగా సైట్లలో మైనింగ్ మొదలైంది. బాధితుల్లో బ్రిటన్ ప్రభుత్వ సైట్లు కూడా ఉన్నాయి. అదే ఏడాది మన దగ్గరా ఇది బయటపడింది. ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ శాఖకి చెందిన సైట్లలో, వాటిలో తిరుపతి కార్పొరేషన్, మాచర్ల మున్సిపాలిటీ సైట్లు కూడా ఉన్నాయి, ఇలాంటి కోడ్ దొరికిందని సెక్యూరిటీ రీసెర్చర్లు చెప్పారు. అంటే ఇంటి పన్ను కట్టడానికి వెళ్లినవాళ్ల కంప్యూటర్ ఎవరికో డబ్బు సంపాదించి పెట్టిందన్నమాట!

2019 మార్చిలో కాయిన్‌హైవ్ మూతపడింది, ఇప్పుడు బ్రౌజర్లు, యాంటీవైరస్‌లు ఇలాంటి కోడ్‌ని చాలావరకు ఆపేస్తున్నాయి. అయినా పైరసీ సినిమా సైట్ల లాంటి చోట్ల ఏ కోడ్ నడుస్తుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. పేజ్‌లో ఏమీ జరగకపోయినా సీపీయూ ఆగకుండా పరిగెడుతుంటే అనుమానించాల్సిందే.

దొంగని 5 నిమిషాల్లో పట్టుకోండి

ఇక ప్రాక్టికల్‌గా చూద్దాం. ఈ ఆర్డర్‌లోనే చేయండి.

1. హ్యాంగ్ అయ్యే సైట్ ఓపెన్ చేసి, క్రోమ్‌లో కానీ ఎడ్జ్‌లో కానీ షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కండి. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో మెనూ, మోర్ టూల్స్ కింద ఉంటుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత సీపీయూ, ఎంత మెమరీ తింటోందో పేరుతో సహా కనిపిస్తుంది. పైన ఉన్నదాన్ని సెలెక్ట్ చేసి ఎండ్ ప్రాసెస్ కొట్టండి.

2. కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ వస్తుంది. సీపీయూ నిండితే స్క్రిప్టో, వీడియోనో కారణం. మెమరీ 90 శాతం దాటి, డిస్క్ 100 దగ్గర ఉంటే ర్యామ్ చాలట్లేదని అర్థం. మూడూ తక్కువగా ఉండి పేజ్ రాకపోతే మీ కంప్యూటర్ తప్పు లేదు, నెట్టో సర్వరో కారణం.

3. అదే సైట్‌ని ఇన్‌కాగ్నిటో విండోలో ఓపెన్ చేయండి. మామూలుగా అందులో ఎక్స్‌టెన్షన్లు పని చేయవు. అక్కడ స్మూత్‌గా ఓపెన్ అయితే మీ ఎక్స్‌టెన్షన్లలో ఒకటి దొంగ. ఒక్కొక్కటే ఆఫ్ చేస్తూ పట్టుకోండి.

4. అదే సైట్‌ని మీ ఫోన్‌లో, వేరే కంప్యూటర్‌లో చూడండి. అన్నిచోట్లా బరువుగానే ఉంటే తప్పు సైట్‌దే. మీరు ఫార్మాట్ కొట్టించినా ఏమీ మారదు.

5. స్క్రీన్ మీద నల్ల గీతలు, మెరుపులు వస్తూ ఆగిపోతుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఉన్న గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆప్షన్ ఆఫ్ చేసి, బ్రౌజర్ రీస్టార్ట్ చేయండి. అది తగ్గితే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఆఫ్‌లోనే వదిలేస్తే వీడియోల భారం సీపీయూ మీద పడుతుంది.

మరి ఏం చేయాలి?

ముందు ఫ్రీగా అయ్యేవి చేయండి. వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. కూపన్లు, టూల్‌బార్లు, ఫ్రీ వీపీఎన్‌లు ముందు వరసలో ఉంటాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఉంది, ఎడ్జ్‌లో అయితే స్లీపింగ్ ట్యాబ్స్. ఇవి చూడని ట్యాబ్‌లని నిద్రపుచ్చి ర్యామ్ మిగులుస్తాయి. అయితే ఒక జాగ్రత్త: అప్లికేషన్ ఫారం సగం నింపి ఉన్న ట్యాబ్‌ని వదిలేసి వేరే పనిలోకి వెళ్లకండి, నిద్రలోంచి లేచేటప్పుడు పేజ్ రీలోడ్ అయితే నింపినది పోవచ్చు. ఫీజులు, కౌన్సెలింగ్ లాంటి ముఖ్యమైన పనులకి మిగతా ట్యాబ్‌లు అన్నీ మూసేసి, ఆ ఒక్కటే ఓపెన్ చేసి పెట్టుకోండి. బ్రౌజర్ అప్‌డేట్‌లో ఉంచుకోండి.

డబ్బు పెట్టాల్సి వస్తే మొదటి రూపాయి ఎస్‌ఎస్‌డీకి, రెండోది ర్యామ్‌కి. పైన చెప్పిన రోజుకీ, పదిహేడు నిమిషాలకీ ఉన్న తేడా అక్కడే వస్తుంది. అయితే కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. మీ మోడల్‌లో స్లాట్ ఖాళీ ఉందో లేదో చూసుకున్న తర్వాతే కొనండి.

మా తమ్ముడి దగ్గర ఈ స్టెప్స్ అన్నీ వీడియో కాల్‌లోనే చేయించాను. 23 ట్యాబ్‌లు, ఎప్పుడు వేశాడో వాడికే గుర్తులేని నాలుగు ఎక్స్‌టెన్షన్లు, పొద్దుటి నుంచి ఓపెన్‌లో ఉన్న ఒక లైవ్ స్కోర్ పేజ్. మెమరీ 94 శాతం, డిస్క్ 100. అనవసరమైనవి తీసేశాక అదే సైట్ ఓపెన్ చేయమన్నాను. కొంచెం లేట్ అయింది కానీ మౌస్ ఆగలేదు. తర్వాతి నెల వాడి పాకెట్ మనీ, నేను వేసిన కొంత కలిపి ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాం. కొత్త ల్యాప్‌టాప్ రేటులో ఐదో వంతు కూడా కాలేదు. వాళ్ల నాన్నని అడగాల్సిన అవసరమే రాలేదు.

కాబట్టి ఈసారి ఏదైనా సైట్ దగ్గర మీ కంప్యూటర్ ఆగిపోతే, పవర్ బటన్ మీదకి చెయ్యి వెళ్లే ముందు షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కి చూడండి. పాపం కంప్యూటర్ తప్పేమీ ఉండకపోవచ్చు.